పేపర్ బిర్చి

బిషాన్, సింగపూర్
2022 జూన్

చిరంజీవి సరోజినికి,
అన్నయ్య సుధాకరరావు ఆశీస్సులు.

ఫోన్‌లో అయితే నేనొక్కడినే మాట్లాడతాననీ, నీ వంతు ఎప్పటికీ రాదనీ, అసలు సంగతులు ఏవైనా ఉత్తరంలోనే రాయాలనీ నువ్వు పెట్టిన రూలు నాకు గుర్తుంది. అందుకే కలం పట్టాను. ముప్ఫై ఏళ్ళు తువాస్ షిప్‌యార్డులో ఓడలకు మరమ్మతులు చేసిన చేయి కదా, అక్షరాలు కాస్త రేకులు వంచినట్టు ఉంటాయి, సర్దుకో.

మోకాలి ఆపరేషన్ అయిపోయి, ఇంటికొచ్చి, కర్ర కూడా వదిలేశాక నాకు చెప్పావు. పాతికేళ్ళు నర్సుగా ఊరందరినీ లేపి నడిపించావు, నిన్ను నడిపించడానికి మాత్రం ఒక్క మనిషిని కూడా పిలవలేదు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. ఆ రెండోది మీ వదిన ఉమకు కూడా చెప్పలేదు.

ఇక సూటిగా చెబుతున్నాను. ఇక్కడికి వచ్చి మాతో ఉండిపో. మా అమ్మాయి తన్మయి పెళ్ళయి యీషున్ వెళ్ళిపోయాక దాని గది ఖాళీగానే ఉంది. మాది గ్రౌండ్ ఫ్లోర్, మెట్ల బాధ లేదు. బాల్కనీ దాటితే నా తోట. కరివేపాకు ఒక మనిషెత్తు అయింది, మా కాండో అపార్టుమెంట్లలో తమిళులూ చైనావాళ్ళూ అందరూ దాని బంధువులే. కాలవ పక్క మూల మాత్రం ఎప్పుడూ చిత్తడి. అక్కడ ఏది వేసినా కుళ్ళిపోతోంది. అది తప్ప నా తోటకు వంక పెట్టగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను. అవుననే రాయి.
అన్నయ్య

*

క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్
2022 జూలై

అన్నయ్యకూ వదినకూ నమస్కారాలు.

ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మోకాలు బాగుంది. భయం వేసిందని రాశావే, ఆ ఒక్క వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను.

నేను రాను, అన్నయ్యా. ఆడపడుచు పండక్కి వస్తే ముచ్చట, ఇంట్లో ఉండిపోతే ముల్లు. వదిన మంచిది కాబట్టే ఆ మంచితనాన్ని అరగదియ్యడం నాకిష్టం లేదు.

రెండో కారణం నా చెట్లు. నీకు ఫోన్‌లో ఎప్పుడు చెప్పబోయినా నీ కరివేపాకు అడ్డొచ్చేది. ఈ ఇల్లు నా జీతంతో కొన్నానని నీకు తెలుసు. కొన్న ఏడాదే దక్షిణం వైపు మూడు బర్చ్ మొక్కలు దగ్గర దగ్గరగా, ఒకే గుంపుగా నాటాను. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి దక్షిణం చల్లన. వాటికి తల ఎండలో ఉండాలి, కాళ్ళు నీడలో ఉండాలి. వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక మొదట్లో ఆకుచెత్త కప్పి, తడి ఆరకుండా చూసుకోవాలి. చిగురు తొడిగే కాలంలో కొమ్మ కోస్తే నీరు కారిపోతుంది, కోయకూడదు. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, చదువుకుని, తప్పులు చేసి నేర్చుకున్నాను. ఇవాళ చలికాలంలో ఆకులన్నీ రాలి ఆ మూడు తెల్లటి మొదళ్ళు నిలబడితే, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తారు. పోస్టువాళ్ళకు నా ఇంటి నంబరు అక్కర్లేదు. బర్చ్ ఇల్లంటే చాలు.

అటువంటి ఇంటిని వదిలి నీ చిత్తడి మూల చూడ్డానికి రమ్మంటావా? సరే, నీ తోటకు వంక పెట్టేవాళ్ళు పుట్టలేదన్నావుగా. మీ సింగపూర్‌లో ఒక్క బర్చ్ చెట్టు పెంచి చూపించు. ఆ రోజే పెట్టె సర్దుకుని వస్తాను.

నీ చెల్లెలు
సరోజిని

*

బిషాన్, సింగపూర్
2022 సెప్టెంబరు

చిరంజీవి సరోజినికి,

పంతం ఒప్పుకున్నాను. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని నాన్న అనేవారు. ఆయన ఆ మాట నన్ను చూసి నేర్చుకున్నారని నువ్వు మరచిపోయావు.

ముందు నీకో సంగతి. బర్చ్ బర్చ్ అంటున్నావు, అది మన భూర్జమే. మన పెద్దలు మంత్రాలు రాసుకున్న భూర్జపత్రం ఆ జాతి చెట్టు బెరడే. ఆ ఇంగ్లీషు మాటా మన మాటా ఒకే తల్లి పిల్లలు. కాబట్టి నీ ఇంటి ముందున్నవి మా వైపు చుట్టాలు, నా మాట వింటాయి.

నర్సరీ ద్వారా అన్ని కాగితాలతో జపాన్ నుంచి రెండు మొక్కలు తెప్పించాను. పగలు నీడ, రాత్రి ఏసీ. కుండీ చుట్టూ తడిగుడ్డ. ఉమ మొదటి రోజు 'బిర్చి' అంటే 'మిర్చి' అనుకుని, 'ఇంత ఖరీదు మిర్చి మొక్క ఎవరైనా కొంటారా' అంది. నిజం తెలిశాక ఇంకా ఎక్కువ అంది, అవి ఇక్కడ రాయను.

పెట్టె దులిపి ఉంచుకో.
అన్నయ్య

*

బిషాన్
2023 జనవరి

సరోజినీ,

మీ అన్నయ్యకు తెలియకుండా రాస్తున్నాను. ఆయన చెప్పరు. ఆ రెండు మొక్కలూ పోయాయి. మొదటిది దీపావళికి ముందే మాడింది. రెండోదాన్ని మా పడకగదిలో పెట్టారు. మొక్కకు ఏసీ గాలి సూటిగా తగలాలని మంచం జరిపారు, మేము గోడ పక్కన పడుకున్నాం. అయినా ఒక్కో ఆకూ రాల్చేసింది. ఆ వేళ ఆయన అన్నం తినలేదు.

నువ్వు ఆడపడుచు ముల్లు అని రాసిన ఉత్తరం నాకూ చదివి వినిపించారు. నాకు కష్టంగా అనిపించింది. నేను పెళ్ళయి వచ్చేనాటికి నీకు పదిహేనేళ్ళు. నా జడ నువ్వే వేసేదానివి. నిన్ను ముల్లనుకోవడానికి నాకు మనసు ఎలా వస్తుంది? చెట్టు పెరిగినా పెరగకపోయినా ఈ ఇంట్లో నీకు గది ఉంది. ఈ మాట ఆయన పంతంతో కలపకు. ఇది నా మాట.

ఈ ఉత్తరం సంగతి ఆయనతో అనకు.
ఉమ

*

క్రైస్ట్‌చర్చ్
2023 అక్టోబరు

అన్నయ్యకు,

చాలా రోజులైంది రాసి. నువ్వూ రాయలేదు. వదినను అడిగానని చెప్పు. ఆవిడ మాట నా దగ్గర భద్రంగా ఉందని కూడా చెప్పు, ఏ మాటో ఆవిడకు తెలుస్తుంది.

మీ మొక్కలు ఎలా ఉన్నాయని అడగను. నువ్వు చెప్పాలనుకున్నప్పుడే చెప్పు. ఇక్కడ వసంతం వచ్చింది. బర్చ్‌లు పూత మీద ఉన్నాయి, పసుపురంగు పొడి కిటికీ గట్ల మీద కూడా పడుతోంది. పక్కింటి పాప స్కూలుకు వెళ్తూ రోజూ నాకు చెయ్యి ఊపేది. ఈ మధ్య వాళ్ళమ్మ కిటికీలన్నీ మూసి ఉంచుతోంది.

ఈ ఉత్తరంతో ఒక ముద్ర పంపుతున్నాను. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం గుర్తుందా, అలాగే చెట్టు మొదలుకు కాగితం చుట్టి రుద్దాను. చూడు, గీతలన్నీ అడ్డంగా ఉంటాయి. బర్చ్ బెరడు అడ్డంగా, ఆత్రేయపురం పూతరేకులా పల్చగా ఊడుతుంది. ఎప్పటికైనా నీ చెట్టు పెరిగితే దాని ముద్ర నాకు పంపు. ఫోటోలు వద్దు. ఈ రోజుల్లో ఫోన్‌ను అడిగితే ఎడారిలో కూడా బర్చ్ చెట్టు చూపిస్తుంది.

ఈ కాగితాన్ని జాగ్రత్తగా ఉంచు అన్నయ్యా. ఎక్కడో పడెయ్యకు.

సరోజిని

*

బిషాన్, సింగపూర్
2025 ఫిబ్రవరి

చిరంజీవి సరోజినికి,

ఏడాది పైన నా నోరు ఎందుకు మూతపడిందో ఇప్పుడు చెబుతాను. మొదటి రెండు మొక్కలూ పోయాయి. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు, ఇద్దరి మర్యాదా నిలబడింది.

తర్వాత ఏం జరిగిందంటే, నీ ముద్ర జేబులో పెట్టుకుని థామ్సన్ రోడ్డు వైపు నర్సరీలన్నీ తిరిగాను. ఒక నర్సరీ అంకుల్‌ని 'పేపర్ బిర్చి ఉందా' అని అడిగాను. బర్చ్‌లలో పేపర్ బర్చ్ అని ఒక రకం ఉందని చదివాను లే. ఆయన వెంటనే 'పేపర్ బర్క్, హ్యావ్ హ్యావ్, వెరీ ఈజీ లా' అని లోపలికి తీసుకెళ్ళాడు. వాళ్ళ ఉచ్చారణ మనకు అర్థం కాదనుకో. నాకంటే ఎత్తున్న మొక్క చూపించాడు. తెల్లటి మొదలు, బెరడు కాగితంలా లేచి ఉంది. ఎండకు తట్టుకుంటుందా అన్నాను, నవ్వాడు. నీళ్ళు నిలిచే చోట బతుకుతుందా అన్నాను, ఇంకా నవ్వాడు.

కాండో కమిటీ వాళ్ళను ఒప్పించి ఆ చిత్తడి మూలలోనే నాటించాను. నువ్వు నమ్మవు. మిగతావన్నీ కుళ్ళిన చోట ఇది రెచ్చిపోయింది. ఏసీ లేదు, తడిగుడ్డ లేదు. ఇవాళ మా రెండో అంతస్తు వాళ్ళ కిటికీని తాకుతోంది. కాండోలో పిల్లలు బెరడు పొరలు లాగి ఆడుకుంటుంటే రోజూ కాపలా కాస్తున్నాను. సాయంత్రం దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే, మీసం ఉంటే మెలేసేవాణ్ణి.

దాని ముద్ర ఇదిగో. కింద 'మన భూర్జం' అని రాశాను. నేను గెలిచాను. రా.

అన్నయ్య

*

క్రైస్ట్‌చర్చ్
2025 మార్చి

అన్నయ్యకు,

ముద్ర అందింది. గీతలు అడ్డంగానే ఉన్నాయి. నువ్వు గెలిచావు.

జూన్ మొదట్లో టికెట్ తీసుకున్నాను. ఇల్లు అద్దెకు ఇస్తున్నాను. పెట్టె సర్దడం మొదలుపెట్టాను. వదినకు చెప్పు, ఆవిడ మాట మీదే వస్తున్నానని.

సరోజిని

*

బిషాన్, సింగపూర్
2025 ఏప్రిల్

చిరంజీవి సరోజినికి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది. నీ ఉత్తరం రాగానే ఉమ గదికి కొత్త పరదాలు కుట్టించింది. నేను రోజూ ఆ గదిలోకి వెళ్ళి ఊరికే నిలబడి వస్తున్నాను. అంత సంతోషంలో ఉన్నవాణ్ణి, మొన్న ఆదివారం ఉమతో ఒక పార్కుకు వెళ్ళాను.

అక్కడ చెరువు ఒడ్డున నా చెట్టు నిలబడి ఉంది. అచ్చం నాదే. అవే ఆకులు, అదే బెరడు. దాని కింద పలక మీద పేరు రాసి ఉంది. గెలాం. ఇంగ్లీషులో పేపర్‌బార్క్. మనం చీరలకూ అత్తరుకూ వెళ్ళే కంపాంగ్ గ్లామ్ పేట ఉందే, ఆ పేరు ఈ చెట్టు పేరే. ఇక్కడి చిత్తడి నేలల్లో మనుషుల కంటే ముందు నుంచీ ఉన్న చెట్టు. నర్సరీ అంకుల్ ఉచ్చారణ సరిగానే ఉంది సరోజినీ. ఆయన బార్క్ అన్నాడు, నేను బిర్చి అన్నాను, మా ఇద్దరి మధ్యా చెట్టు మారిపోయింది.

ఇంటికొచ్చి నీ ముద్ర తీసి చూశాను. నీ గీతలు అడ్డం. నా చెట్టు దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ నిలువు. ఏడాది పైన రోజూ చూశాను, ఒక్కసారీ కనబడలేదు. నువ్వెందుకు అడ్డమని రాశావో నాకు అర్థం కాలేదు. కాగితాన్ని ఎటు పట్టుకుని చూశావో ఏమో.

ఉమ ఈ సంగతి నీకు రాయొద్దంది. 'వచ్చాక తనే చూసుకుంటుంది, ఈలోగా మీరు నోరు మూసుకోండి' అంది. నాకూ అలాగే ఉండాలనిపించింది. నువ్వు రావాలని నాకెంత ఉందో రాయలేను. కానీ నా చెల్లెలు మాట మీద నిలబడే మనిషి, నేను గెలిస్తేనే వస్తానని మాట ఇచ్చింది. దొంగ గెలుపు చూపించి నిన్ను విమానం ఎక్కించలేను. పంతంలో నేను ఓడిపోయాను. టికెట్ సంగతి నీ ఇష్టానికి వదిలేస్తున్నాను.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. ఓడినా నా చెట్టు మీద నాకు మోజు తగ్గలేదు, పెరిగింది. ఆ పలక మీదే ఉంది, పూర్వం ఇక్కడివాళ్ళు పడవ చెక్కల సందుల్లో నీళ్ళు కారకుండా గెలాం బెరడు కుక్కేవారట. ముప్ఫై ఏళ్ళు తువాస్‌లో నేను చేసిన పని ఏమిటి? ఓడలకు చిల్లులు పూడ్చడమే కదా. ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో కరివేపాకు, మునగ, మల్లె, అన్నీ మనవే పెంచాను. ఈ ఊరి చెట్టు ఒక్కటి పెంచితే అది నా వృత్తిదే అయింది, అదీ పొరపాటున.

నీ అన్నయ్య

*

క్రైస్ట్‌చర్చ్
2025 మే

అన్నయ్యా,

నాకు తెలుసు. నీ ముద్ర కవరులోంచి తీసిన నిమిషంలోనే తెలిసింది. కింద 'మన భూర్జం' అని నువ్వు రేకులు వంచినట్టు రాసిన అక్షరాలున్నాయి కాబట్టి ఏది పైనో, ఏది కిందో కూడా తెలుసు. గీతలన్నీ నిలువు. ఒక్క మాట రాస్తే పంతం నాది అయిపోయేది. వంటింటి బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత దాన్ని అడ్డంగా తిప్పాను. గీతలు అడ్డమయ్యాయి. అలాగే చూసి నీకు ఉత్తరం రాశాను.

ఎందుకు తిప్పానో చెబుతాను. నా బర్చ్‌లు లేవు అన్నయ్యా. ఏడాదిన్నర అయింది.

పక్కింటి పాపకు వసంతం వస్తే ఆయాసం. ఆ ఏడాది వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని రాత్రివేళ నా తలుపు కొట్టింది, నేను నర్సునని. పాప పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి. అంబులెన్సు వచ్చేదాకా నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. తర్వాత పరీక్షల్లో బర్చ్ పుప్పొడి పడదని తేలింది. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీలు మూసుకున్నారు, అంతే. అంత మర్యాదస్థులు. నేను ఆసుపత్రిలో ఎంతమంది పిల్లలకు ఆక్సిజన్ పెట్టానో నాకే తెలియదు. అలాంటిదాన్ని, నా గుమ్మం ముందు నుంచే ఆ పొడి రాలుతుంటే చూస్తూ ఎలా కూర్చుంటాను?

మనుషుల్ని పిలిపించి మూడూ కొట్టించాను. నీకు పంపిన ముద్ర అంతకు ముందురోజు తీసింది. అందుకే జాగ్రత్తగా ఉంచమన్నాను.

ఊరినిండా బర్చ్‌లున్నాయి, గాలికి కంచెలు లేవు, కాబట్టి పాపకు పూర్తిగా నయమైందని అనను. కానీ కిందటి వసంతంలో వాళ్ళ కిటికీలు తెరిచే ఉన్నాయి. పాప మా పచ్చికలో, ఆ మొద్దుల మీంచి గెంతుతూ ఆడింది. ఒకటో మొద్దు, రెండో మొద్దు, మూడో మొద్దు. నేను లోపలి నుంచి చూశాను. ఏడవలేదని గొప్పలు చెప్పను.

నీకెందుకు చెప్పలేదంటే, నాకున్న ఒకే ఒక్క గొప్ప అదే. అది కూడా లేదని తెలిస్తే నువ్వు జాలిపడి రమ్మంటావు. జాలి మీద నేను ఎక్కడికీ వెళ్ళను, నీ ఇంటికైనా సరే. నువ్వు గెలిచావంటే తలెత్తుకుని రావచ్చు. అందుకే కాగితం తిప్పాను.

ఇప్పుడు నీ ఉత్తరం చదివాక ఆ బాధా లేదు. నిజం రాస్తే నేను రాకపోవచ్చని తెలిసి కూడా రాశావు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఇన్నేళ్ళూ మా అన్నయ్య విషయంలో నేనూ అలాగే ఉన్నాను. నీ చెట్టు ఓడింది, నా చెట్లు లేవు, ఇక పంతం దేని మీద? టికెట్ రద్దు చెయ్యను. వదిన పిలిచింది, గది ఉంది, నాకు రావాలని ఉంది. ఆ చివరిది ఇన్నేళ్ళలో మొదటిసారి రాస్తున్నాను.

నేను వచ్చేలోగా గెలాం బెరడు పిల్లలందరికీ పంచిపెట్టెయ్యకు.

సరోజిని

*

బిషాన్, సింగపూర్
2025 మే చివర

చిరంజీవి సరోజినికి,

ఇది నీ చేతికి అందుతుందో, దారిలోనే నిన్ను దాటిపోతుందో తెలియదు. అయినా రాస్తున్నాను, ఇలాంటివి ఉత్తరంలోనే రాయాలని నీ రూలు.

నీ ఉత్తరం సంగతి కాండోలో ఎదురైనవాళ్ళకల్లా చెప్పాను. కరివేపాకు కోసం వచ్చిన తమిళావిడకు చెప్పాను, లిఫ్టు దగ్గర చైనా అంకుల్‌కి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. చెట్లు పెంచేవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఇరవై ఏళ్ళు పెంచినవాటిని పక్కింటి పిల్ల ఊపిరి కోసం నిలబడి కొట్టించిన మనిషి మా ఇంట్లో పుట్టింది. ఆ చైనా అంకుల్‌కి ఎంత అర్థమైందో కానీ, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

నీ గది గోడకు రెండు ముద్రలూ ఫ్రేము కట్టించి పక్కపక్కన తగిలించాను. నీదాన్ని ఉన్నట్టే, నాదాన్ని అడ్డంగా తిప్పి. 'మన భూర్జం' అన్న అక్షరాలు గోడ ఎక్కుతున్నట్టున్నాయి. ఉమ చూసి, ఒకటి తప్పుగా పెట్టారు, తిప్పండి అంది.

'తప్పు కాదు,' అన్నాను. 'మా చెల్లెలు దాన్ని అలాగే చూసింది. అలాగే ఉంటుంది.'

అన్నయ్య